నాగవేణి మేడం, ఆరో తరగతి ఇంగ్లీషు

ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు మీద ఉన్న ఆ ప్రైవేటు బడిలో నాగవేణి మేడం నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆయాలు, ఆటోవాళ్ళు, సైన్సు చెప్పే హరికృష్ణ సారు, అందరూ ఆమె ఎదురొస్తే పక్కకు తప్పుకునేవాళ్ళు. గౌరవంతో కాదు, ఆ నోటికి దొరకడం ఇష్టం లేక. ఒకసారి హరికృష్ణ సారు నోటీసు బోర్డు మీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి అంటించాడు. మధ్యాహ్నానికి ఆమె దాన్ని ఎర్ర పెన్నుతో దిద్ది, కింద పదికి మూడు వేసి పోయింది. ఆ రోజు నుంచి ఆయన తెలుగులోనే నోటీసులు రాస్తున్నాడు.

యాభై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. మార్కెట్ వెనక సందులో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ బడిలో ఆరో తరగతి ఇంగ్లీషు ఆమెదే. మిగతా తరగతులు ఎవరికి ఇచ్చినా పట్టించుకునేది కాదు. ఆరో తరగతిని మటుకు ఇంకొకరిని ముట్టనిచ్చేది కాదు. ప్రిపొజిషన్లు కుదిరేది, చెడేది ఆ ఏడాదిలోనే అని ఆమె నమ్మకం. అక్కడ చెడిన పిల్ల రేపు కలెక్టరైనా సరే, బల్లను తీసుకుపోయి పుస్తకం మీద పెడుతూనే ఉంటుందనేది.

అదేమీ ఉత్తి మాట కాదు. తెలుగు పిల్లలకు ఆ చిన్న మాటలు ఎక్కడ తిరగబడతాయో ఆమెకు బాగా తెలుసు. మనం ముందు బల్ల అని, తర్వాత మీద అంటాం. ఇంగ్లీషువాడు ముందే ఆన్ అనేసి, ఆ తర్వాత బల్ల సంగతి చెబుతాడు. ఆ వెనకాముందూ సర్దుకోవడం నెలరోజుల పని, అంతే. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. పిల్లలు ప్రతి ఇంగ్లీషు మాటకూ ఒక తెలుగు జోడు వెతుక్కుంటారు. లో అంటే ఇన్, మీద అంటే ఆన్, కి అంటే టూ అని గైడులో ఉన్న వరసను బట్టీ పట్టి, ఇక లోకమంతా ఆ వరసలోనే నడుస్తుందనుకుంటారు.

ఆ ఏడాది కూడా విష్ణు అనే పిల్లవాడు, ధాన్యం వ్యాపారి కొడుకు, లేచి అడగనే అడిగాడు.

“మేడం, కి అంటే టూ నా, ఎట్ నా?”

“కి అంటే ఒకటే అని ఎవరు సెప్పినారప్పా నీకు? యాడికొచ్చినావు? బడికి. ఎన్నింటికి వచ్చినావు? తొమ్మిదింటికి. దేనికొచ్చినావు? నా పానం తీసేదానికి. మూడు తూర్లూ కి నే కదా. ఇప్పుడు ఇంగ్లీషులో సెప్పు.”

విష్ణు “టూ స్కూల్” అన్నాడు. “ఎట్ నైన్” అన్నాడు. మూడోదాని దగ్గర ఆగి తల గోక్కున్నాడు.

“అది నువ్వు సెప్పకపోయినా నాకు తెలుస్తానే ఉంది. కూర్చో.”

తరగతి నవ్వలేదు. ఆమె తరగతిలో నవ్వడానికి కూడా అనుమతి కావాలి.

ఆమెకు ఈ కిటుకు నేర్పినవాడు ఆదోని కాలేజీలో సామ్సన్ సారు. ఆయనా మంచి నోటివాడేమీ కాదు. చాక్‌పీసును డబ్బాలో వేసి, డబ్బా మీద పెట్టి, డబ్బా కింద దాచి, ‘అర్థం అడగొద్దు, చోటు చూడు’ అని గద్దించేవాడు. ఆ మాటలకు తెలుగులో అర్థాలుండవు, వస్తువుకూ వస్తువుకూ నడుమ చోట్లు మాత్రమే ఉంటాయి అని ఆమెకు తెలిసిన రోజు, తలుపు తెరుచుకున్నట్టయింది. ఆ తర్వాత ఆమె ఏ ఇంగ్లీషు వాక్యం చదివినా ముందు అందులో ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారో చూసేది. ఒంటరి మనిషికి అదొక కాలక్షేపం. తన తరగతి పిల్లలకు కూడా అలా చూడడం నేర్పాలనుకునేది. నేర్పింది కూడా. కాకపోతే చీవాట్లతో కలిపి నేర్పింది.

బడి యజమాని గురురాజ ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇంటివాడు. వారానికి మూడుసార్లు కారులో వచ్చి పోయేవాడు. ఆ ఏడాది ఆయన కోడలు మనస్విని బడిలో అడుగుపెట్టింది. బెంగుళూరులో చదువుకున్న పిల్ల. పాఠాలన్నీ పర్యవేక్షించే పదవి ఒకటి ఆమె కోసమే పుట్టింది. వచ్చిన వారానికే ఆరో తరగతి వెనక బెంచీలో కూర్చుని పాఠం విని, ఆ తర్వాత స్టాఫ్ రూముకు వచ్చింది.

“నాగవేణి మేడం, పిల్లలు మిమ్మల్ని చూసి వణికిపోతున్నారు.”

“వణకనీలే.”

“ప్రిపొజిషన్లు ఆటలతో చెప్పొచ్చు కదా. దూకడం, దూరడం, చుట్టూ తిరగడం. ఒళ్ళు కదిలితే మనసుకు పడుతుంది.”

“ఆడుకునేదానికి ఇంటర్వెల్ ఇచ్చినాము కదమ్మా. అదీ పాఠమేనా మీ బెంగుళూరులో?”

“మీరు చెప్పేది పాఠం కాదు మేడం, పోలీసు స్టేషన్.”

“ఈ స్టేషన్లో చదివిన పిల్లోళ్ళు ఇప్పుడు నీ బెంగుళూరులోనే ఉద్యోగాలు చేస్తాండారు. కనుక్కో పో.”

హరికృష్ణ సారు కాపీలు దిద్దుతున్నట్టు తల వంచుకున్నాడు. మనస్విని మొహం ఎర్రబడింది గానీ గొంతు పెంచలేదు. తిన్నగా మామగారి గదికి పోయింది. సాయంత్రానికి నాగవేణికి పిలుపు వచ్చింది.

“నాగవేణమ్మా, కాలం మారిపాయ,” అన్నాడు గురురాజ. “తల్లిదండ్రులు ఆటపాటలు సూస్తాండారు. శనివారం వాళ్ళను పిలిపిస్తాండాను. నీ ఆరో తరగతి పిల్లోళ్ళతోనే మా కోడలు ప్రిపొజిషన్ల పాఠం చేసి సూపిస్తుంది. బాగా జరిగిందా, సోమవారం నుంచి ఆ తరగతి ఆమెది. నువ్వు ఎల్‌కేజీ సూసుకో. అభాసైందా, ఇంగ నీ జోలికి ఎవరూ రారు. సరేనా?”

“అభాసే అయితాది సార్.”

“ఎందుకట్ల?”

“పిల్లోళ్ళు నావాళ్ళు కాబట్టి,” అని వచ్చేసింది.

ఎల్‌కేజీ అన్న మాట ఆ రాత్రి ఆమెకు అన్నం దిగనివ్వలేదు. ఆరో తరగతి తప్ప ఆమెకు ఈ ఊళ్ళో ఇంకేముంది. ఇల్లు అద్దెది. చుట్టాలు ఉన్నారు, కానీ లేరు.

శనివారం పొద్దున అందరికంటే ముందు బడికి వచ్చింది. హాలు తలుపు తెరిచి ఉంది. లోపల మనస్విని ఒక్కతే కిటికీ కమ్మీకి ఏదో కడుతోంది. నాగవేణి గడపలో ఆగింది.

అది నూలు. ఒక పోగు కాదు, రెండు పోగులు కాదు. మిరపపండు రంగు వేసి, గంజి పెట్టి ఆరబెట్టిన నిలువు నూలు కట్ట. ఏదో మగ్గం ఇంట్లో అడిగి తెచ్చుకున్నట్టుంది. దాన్ని ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి, మోకాలెత్తున, పొందికగా చాచి కట్టింది. చూడ్డానికి అందంగానే ఉంది. పక్కన కుర్చీలో అట్టముక్కలు. ఒకదాని మీద దీని పైనుంచి దూకు అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు.

మనస్వినికి అది నూలు. మగ్గం ఇంట్లో పుట్టినవాళ్ళకు అది పడుగు. చీర నేయడానికి వీధి పొడుగునా చాచిన పడుగును ఎవరూ దాటరు. చుట్టూ తిరిగి పోతారు, లేదా వంగి కింద నుంచి దూరతారు. ముసలివాళ్ళు నడుము పట్టుకుని అయినా వంగుతారు. దాన్ని దాటడమంటే కంచంలో కాలు పెట్టినట్టే. చెప్పి నేర్పే సంగతి కాదిది. నడక వచ్చేనాటికే వస్తుంది.

నాగవేణి ఈ ఊరి మగ్గాల వీధిలోనే పుట్టింది. ఆ వీధిలోనే దాన్ని దాటింది కూడా. కాలేజీకి పంపనని తండ్రి నరసింహ తేల్చి చెప్పిన మరుసటి తెల్లవారుజామున, ఆయన వీధిలో పడుగు చాచి గంజి పెడుతుంటే, ఇరుగుపొరుగు చూస్తుండగా, పావడా ఎత్తిపట్టి దాటింది. అటు దాటి, తిరిగి ఇటు దాటింది. నరసింహ అరవలేదు, కొట్టలేదు. ఆ పడుగును చుట్టి మూల పడేశాడు, దాన్ని మగ్గం ఎక్కించలేదు. తల్లి దానమ్మ ఆమెను ఆదోనిలో ఉన్న తన చెల్లెలింటికి పంపేసింది. అలా కాలేజీ దొరికింది. తండ్రి మటుకు పోయేదాకా ఆమెను పేరు పెట్టి పిలవలేదు. తమ్ముడు మద్దిలేటి ఇప్పటికీ బజారులో ఎదురైతే కరెంటు స్తంభాన్ని తప్పుకున్నట్టు తప్పుకుని పోతాడు.

ఆ మద్దిలేటి కూతురు రజిని ఇప్పుడు ఆమె ఆరో తరగతిలోనే ఉంది. అతని పెళ్ళాం ఉరుకుందమ్మ పట్టుబట్టి చేర్పించింది. చేర్పించిన రోజే మద్దిలేటి ఆఫీసులో, నాగవేణికి వినబడేటట్టు, “ఆమె మా పాపకు టీచరమ్మ, అంతే. ఇంగేం కాదు,” అని చెప్పి పోయాడు. రజిని ఆమెను ఎన్నడూ అత్తా అనలేదు. ఆమె రజినిని ఎన్నడూ మెచ్చుకోలేదు. తరగతిలో ఆ చిన్న మాటలను చోటు చూసి వాడగలిగింది ఆ పిల్ల ఒక్కతే అని ఆమెకు తెలుసు. ఆ సంగతి గోడకు కూడా చెప్పలేదు.

“ఏం మేడం, గడపలోనే నిలబడిపోయారు?” అంది మనస్విని వెనక్కి తిరగకుండానే. “సాయం చేసేటట్టుంటే రండి. లేకపోతే దారి వదలండి.”

ఒక్క మాట చెబితే సరిపోయేది. తరగతిలో సగానికి సగం మగ్గాలవాళ్ళ పిల్లలు. నూలు విప్పేసి తాడు కట్టుకో అంటే అయిపోయేది. నాగవేణి ఆ పడుగు వంక చూసింది, అట్టముక్క వంక చూసింది.

“బాగుంది,” అంది. “గట్టిగా కట్టు. ఊడిపోతే మళ్ళా మమ్మల్నంటావు.”

పదింటికి హాలు నిండింది. తల్లులు కుర్చీల్లో, తండ్రులు వెనక గోడవారన. మద్దిలేటి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గురురాజ ముందు వరసలో. నాగవేణి పక్కగా ఒక కుర్చీ లాక్కుని, సినిమాకు వచ్చినదానిలా కూర్చుంది.

మొదట విష్ణు. అట్టముక్క చదివి ఎగిరి దూకాడు. చప్పట్లు. తర్వాతి పిల్ల నూలు పక్కన నిలబడింది. ఇంకో ఇద్దరు దాని వెంబడి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచారు. మనస్విని గొంతు హుషారెక్కింది. గురురాజ మీసాలు విచ్చుకున్నాయి.

రజిని చేతికి దూకమనే అట్టముక్క వచ్చింది. ఆ పిల్ల దాన్ని చదివింది. నూలు దగ్గరికి పోయింది. ఆగింది. నేలకు వంగి, జడ కూడా తగలకుండా కింద నుంచి పాకి అవతల లేచి నిలబడింది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

“అది అండర్, రజినీ. నీకు వచ్చింది ఓవర్. మళ్ళీ చదువు,” అంది మనస్విని.

రజిని మళ్ళీ చదివింది. మళ్ళీ కింద నుంచే దూరింది. ఈసారి ముందు వరస కూడా నవ్వింది. ఆ నవ్వులో మగ్గాలవాళ్ళు కలవలేదు. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. పట్నం నుంచి వచ్చిన అమ్మాయితో, బడి యజమాని ముందు, ఏమని చెప్పాలో ఎవరికీ తెలియలేదు. మద్దిలేటి కట్టుకున్న చేతులు విప్పాడు.

నాగవేణి కదల్లేదు. ఆమె కోరుకున్నది ఇదే. ఇంకో ఇద్దరు మగ్గాల పిల్లలకు ఆ అట్టముక్క వస్తే చాలు, పాఠం బజారున పడుతుంది.

“ఏం పాపా, పైకీ కిందికీ తేడా తెలీదా నీకు?” అన్నాడు గురురాజ అందరికీ వినబడేటట్టు. “ఇంత మొద్దును ఏడాదంతా ఎట్ల భరించినావు నాగవేణమ్మా?”

రజిని మొహం మాడిపోయింది. మనస్విని దగ్గరికి వచ్చి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. నిజానికి మెత్తగానే అంది. “భయపడకు. చిన్నగా దూకు. నీకు వచ్చు, నాకు తెలుసు. అందరికీ చూపించు.”

రజిని తండ్రి వైపు చూడలేదు. నేల చూసింది. పావడా కొంచెం ఎత్తి పట్టుకుంది. కుడికాలు లేచింది.

“నిలబడు,” అంది నాగవేణి.

ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. హాలు మధ్యలో ఉంది. “కాలు దించు. దాటొద్దు.”

రజిని కాలు దించింది.

“నా పాఠం మధ్యలో ఇదేంటి మేడం?” మనస్విని గొంతు ఈసారి లేచింది.

“ఆ పిల్ల మొద్దు కాదు. నీ అట్టముక్క నీకంటే బాగా చదివింది. అది తాడు కాదు, పడుగు. మగ్గాలోళ్ళు దాన్ని దాటరు. సావనన్నా సస్తారు గానీ దాటరు. అడుగు, ఈడ సగం మంది వాళ్ళే.”

 గోడవారన ఒకరిద్దరు తల ఊపారు. మనస్విని నూలు వైపు, వాళ్ళ వైపు చూసి, నాగవేణి మీదికి తిరిగింది. తెలివైన పిల్ల. దారి వెంటనే దొరికింది.

“పొద్దున నేను కడుతుంటే మీరు చూశారు.”

“చూసినాను.”

“గట్టిగా కట్టమన్నారు.”

“అన్నాను.”

“అప్పుడు తెలుసా మీకు?”

తెలియదంటే సరిపోయేది. అప్పుడు తోచలేదంటే, కళ్ళు సరిగా ఆనలేదంటే, గురురాజ నమ్మేవాడే. పాఠం ఎలాగూ అభాసైంది, ఆరో తరగతి ఆమె ఒళ్ళోనే ఉండేది. నాగవేణి తలుపు వైపు చూసింది. మద్దిలేటి ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఆ చూపులో చుట్టరికమేమీ లేదు.

“తెలుసు,” అంది. “నీ పాఠం సెడిపోనీ అని సెప్పకుండా ఊరుకున్నాను.”

గురురాజ లేచి, తల్లిదండ్రులకు టీ ఇప్పించమని ఆయాకు చెప్పాడు. నాగవేణికి సంగతి అక్కడే, నిలబడే తేల్చాడు. “సోమవారం ఎల్‌కేజీకి పో. ఇష్టం లేకుంటే ఇంటికి పో. వచ్చినోళ్ళ ముందర నా బడి మానం తీసినావు.”

మనస్విని కిటికీ దగ్గర ముడి విప్పుతోంది. నాగవేణి పక్క నుంచి పోతుంటే తలెత్తకుండా అంది. “నన్ను ఓడించాలనుకుంటే నాతో పెట్టుకోవాల్సింది. పిల్లలతో కాదు.”

నాగవేణి ఆగకుండా గేటు వైపు నడిచింది. 

గేటు దగ్గర మద్దిలేటి బండి స్టార్టు చేసి ఉన్నాడు. వెనక రజిని, మొహం తండ్రి వీపుకు ఆనించి.

“సూస్తా సూస్తా ఊరికే ఉన్నావా?” అన్నాడు. ఆమెతో మాట్లాడినట్టు కాదు, గేటుతో మాట్లాడినట్టు.

“ఉన్నాను.”

“నా కూతురు అందరి ముందర నవ్వులపాలాయ. ఎవరికోసరం?”

“నాకోసరమే.”

“అప్పుడూ నీకోసరమే. ఇప్పుడూ నీకోసరమే.” ఉమ్మేశాడు. “ఇంగ ఈ బడి వద్దు. గవర్నమెంటు బడిలో ఏస్తా.”

“నామీద కోపంతో మాన్పించొద్దు,” అంది నాగవేణి. బతిమాలే గొంతు ఆమెకు రాదు, అది కూడా తిట్టినట్టే వచ్చింది. “నేను ఆ తరగతిలో ఉండను ఇంగ. నా మొగం సూసే పని ల్యా దానికి. ఇంగ్లీషు తరగతిలో దాని అంత బాగా ఎవరికీ రాదు. నడిమధ్యలో మాన్పించినావంటే నీ ఇంటి ముందరొచ్చి కూర్చుంటా సూడు.”

“మా వీధిలోకి వస్తావా నువ్వు?”

“వస్తా.”

“రా మరి. సూస్తా.”

బండి దుమ్ము రేపుకుంటూ పోయింది. రజిని తల తిప్పలేదు.

సోమవారం నాగవేణి ఇంట్లో కూర్చోలేదు. ఎల్‌కేజీ గదికి పోయింది. ముక్కులు కారే పిల్లలు, ఒకడు చెప్పు విసిరాడు, ఇంకొకతె అమ్మ కావాలని గేటు దాకా పరుగెత్తింది. ఆ పిల్లను పట్టుకోవడానికి బయటికి వచ్చినప్పుడు ఆటో ఆగింది. అందులోంచి దిగిన పిల్లల్లో రజిని కూడా ఉంది.

రజిని ఆమె ఉన్న వైపే నడిచి వచ్చింది. నాలుగడుగుల దూరంలో ఆమెను చూసింది. పక్కకు తప్పుకుని, గోడవారగా, తండ్రి బజారులో నడిచినట్టే నడిచి, ఆరో తరగతి మెట్లెక్కింది. గదిలో మనస్విని గొంతు వినిపిస్తోంది.

నాగవేణి ఆ పిల్ల లోపలికి పోయేదాకా చూసింది. ఆ తర్వాత చంకలో గిలగిలా తన్నుకుంటున్న చిన్నదాన్ని సర్దుకుని, “యాడికే పోతాండావు, పద,” అని కసిరి, లోపలికి తీసుకుపోయింది.